అర్హత సడలింపు, జీతం: తెలుగునాట బడిపంతులు చరిత్రపై ఒక పరిశీలన

బడులకు పంతుళ్లు చాలనప్పుడు ప్రభుత్వాల ముందు ప్రధానంగా రెండు మార్గాలుంటాయి. ఒకటి, చదువుకున్నవారు ఇష్టపడి చేరే విధంగా ఆ ఉద్యోగాన్ని తీర్చిదిద్దడం. రెండవది, ఉద్యోగంలో చేరడానికి కావలసిన అర్హతను తగ్గించడం. మొదటిది ఖర్చుతో, కాలంతో కూడినది. రెండవది ఒక ఉత్తర్వుతో ముగుస్తుంది. అందువల్ల రెండవ మార్గానికే ఆదరణ ఎక్కువ. ఈ సడలింపును సమర్థించేటప్పుడు వినిపించే మాట ‘కొరత’. అర్హులు దొరకడం లేదు కనుక అర్హతను తగ్గించక తప్పదన్నది వాదం. అయితే ఆ కొరత ఎప్పుడూ మనుషుల కొరతేనా, లేక జీతం కొరతా అన్న ప్రశ్నను చరిత్ర ఆధారంగా పరిశీలించవలసి ఉంది. తెలుగు ప్రాంతాలకు సంబంధించి గత రెండు వందల ఏళ్లలోని కొన్ని ఘట్టాలను వరుసగా చూసి, అర్హతకూ జీతానికీ గల సంబంధాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బళ్లారి నివేదిక, మన్రో ప్రణాళిక

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ విద్య స్థితిగతులపై వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. వచ్చిన సమాధానాలలో బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక తెలుగు పరిశోధకులకు ముఖ్యమైనది. కాంప్‌బెల్ కేవలం పాలనాధికారి కాడు. తెలుగు భాషకు వ్యాకరణాన్నీ నిఘంటువునూ రచించి ప్రకటించినవాడు. నాటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా చేరి ఉండేది. జిల్లాలో 533 బడులు ఉన్నాయనీ, వాటిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులనీ ఆయన లెక్క చెప్పాడు. 9,27,857 మంది జనాభాలో చదువుకుంటున్న పిల్లలు 6,641 మంది మాత్రమే. వారిలో బాలికలు 60 మంది.

ఈ అంకెల కంటె పంతుళ్ల గురించి కాంప్‌బెల్ చేసిన పరిశీలన ఇక్కడ ప్రధానం. పిల్లలు వల్లించే పుస్తకాలు పద్యరూపంలో ఉన్నాయి. వాటి భాషకూ మాట్లాడే భాషకూ దూరం చాలా ఉంది. పిల్లవాడు పద్యం అప్పజెప్పగలడు కాని అర్థం చెప్పలేడు. అర్థం వివరించగల పంతుళ్లు కూడా కొద్దిమందే. ఇది పంతులు సామర్థ్యంపై చేసిన తీవ్రమైన విమర్శ. అయితే కాంప్‌బెల్ అక్కడితో ఆగలేదు. బడుల క్షీణతకు మూలం ప్రజల పేదరికంలో ఉందని గుర్తించాడు. పిల్లల తల్లిదండ్రులు ఇచ్చే కొద్దిపాటి రుసుములే పంతులుకు జీవనాధారం. వారే చితికిపోయినప్పుడు బడి నిలిచే వీలు లేదు.

జిల్లాల నివేదికలన్నిటినీ క్రోడీకరించి మన్రో 1826 మార్చి 10న తన అభిప్రాయాన్ని నమోదు చేశాడు. చదువు స్థాయి తక్కువగా ఉండటానికి ఆయన చూపిన కారణాలలో ముఖ్యమైనది పంతుళ్ల రాబడి. నెలకు ఆరేడు రూపాయలకు మించి రాని పనికి సమర్థులు రారన్నది ఆయన నిర్ధారణ. అందుకే కలెక్టరేటు స్థాయి బడి పంతులుకు నెలకు 15 రూపాయలు, తాసీల్దారీ బడి పంతులుకు 9 రూపాయలు ప్రభుత్వం ఇవ్వాలనీ, పిల్లల రుసుములు దానికి అదనమనీ ప్రతిపాదించాడు. పంతుళ్లకు మద్రాసులో శిక్షణ ఇప్పించే ఏర్పాటు కూడా ఆ ప్రణాళికలో భాగం. జీతాన్నీ శిక్షణనూ ఒకే ప్రతిపాదనలో కలపడం గమనార్హం. మన్రో 1827లో మరణించాడు. తాసీల్దారీ బడులు 1830ల దశకం దాటి నిలవలేదు. 9 రూపాయలు కూడా సమర్థుణ్ణి తాసీల్దారీ ఊరికి రప్పించి నిలబెట్టగల మొత్తం కాలేకపోయింది.

ఫలితాల గ్రాంటు: అర్హతకు మారుగా లెక్క

పంతొమ్మిదవ శతాబ్ది మధ్యభాగంలో గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో ఒక భిన్నమైన ప్రయత్నం జరిగింది. సబ్‌కలెక్టరు టేలర్ ప్రోద్బలంతో రైతులు శిస్తుతో పాటు బడి కోసం కొంత సొమ్ము చెల్లించడానికి అంగీకరించారు. ఊరి బడికి స్థిరమైన ఆదాయం ఉండాలన్న ఆలోచన ఇందులో ఉంది. అయితే మద్రాసు రాజధానిలో విస్తృతంగా వ్యాపించిన పద్ధతి ఇది కాదు. 1860ల దశకం చివరి నుంచి అమలైన ఫలితాల గ్రాంటు పద్ధతి వీధి బడులను పెద్ద సంఖ్యలో ప్రభుత్వ తనిఖీ కిందికి తెచ్చింది.

ఈ పద్ధతిలో పంతులు ఏం చదివాడన్నది ప్రధానం కాదు. పరీక్షాధికారి వచ్చిన రోజున ఎంతమంది పిల్లలు చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో నెగ్గారన్నదానిని బట్టి గ్రాంటు లభించేది. శిక్షణ పొందిన పంతుళ్లు తగినంతమంది లేని కాలంలో ఉన్న పంతుళ్లతోనే పని జరిపించడానికి ప్రభుత్వం కనిపెట్టిన ఉపాయమిది. అర్హతను పంతులు నుంచి పిల్లవాడి మీదికి మార్చారని చెప్పవచ్చు. బడుల సంఖ్య పెరిగింది. ఆ మేరకు పద్ధతి సఫలమైంది. కాని పిల్లవాడికి జబ్బు చేసినా, కోతల కాలంలో బడి మానినా, కరవు వచ్చినా నష్టం పంతులుదే. రాబడిలోని అనిశ్చితి అంతా అతని మీదనే పడింది. గ్రాంటు తెచ్చిపెట్టగల పిల్లల మీదనే దృష్టి నిలపవలసిన ఒత్తిడి ఏర్పడింది. కాంప్‌బెల్ ఆక్షేపించిన వల్లెవేత మరొక రూపంలో కొనసాగడానికి ఇది తావిచ్చింది. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఈ పద్ధతిని విడిచిపెట్టారు.

జీతం నుంచి గౌరవవేతనానికి

ఇరవయ్యవ శతాబ్ది ద్వితీయార్ధంలో ఉపాధ్యాయుడి అర్హత స్పష్టమైన రూపం పొందింది. పదేళ్ల పాఠశాల విద్య, దానిపై రెండేళ్ల వృత్తిశిక్షణ ప్రాథమికోపాధ్యాయుడికి ఉండాలని కొఠారీ కమిషన్ 1966లో సూచించింది. ఇదే కాలంలో బడుల విస్తరణ వేగం పెరిగి, జీతాల పద్దు రాష్ట్రాలకు భారంగా తోచింది. ఆంధ్రప్రదేశ్‌లో 1980ల దశకంలో నెలకు 398 రూపాయలపై నియమితులైన స్పెషల్ టీచర్ల ఉదంతం ఈ సందర్భంలో పరిశీలించదగినది. వారిలో శిక్షణ పొందిన అభ్యర్థులు ఎందరో ఉన్నారు. అంటే అర్హులు లేక కాక, అర్హులకు పూర్తి స్కేలు ఇవ్వకుండా నడపడానికి ఏర్పడిన ఏర్పాటిది. తరువాత వారు క్రమబద్ధీకరణ పొందినా, ఆ తొలి సంవత్సరాల సేవకు ఇంక్రిమెంట్లు లెక్కించాలన్న విజ్ఞప్తి దశాబ్దాలపాటు ఉపాధ్యాయ సంఘాల కోర్కెల పట్టికలో నిలిచింది. ఒక తరం ఉపాధ్యాయులకు ‘398’ అన్న అంకె కొలువు పేరుగానే మిగిలిపోయింది.

రాజస్థాన్‌లో 1987లో మొదలైన శిక్షాకర్మీ పథకం మరొక నమూనా. మారుమూల గ్రామాలలో ఉపాధ్యాయులు నిలవక బడులు మూతపడుతున్నప్పుడు, తక్కువ చదువు గల స్థానికులనే ఎంపిక చేసి బోధకులుగా నియమించారు. ఇక్కడ అర్హత నిజంగానే తగ్గింది. కాని దానికి తోడుగా ప్రారంభ శిక్షణ, తరువాత క్రమం తప్పని పునశ్చరణ శిక్షణ ఏర్పాటయ్యాయి. 1990ల దశకంలో అదే పేరు మధ్యప్రదేశ్‌కు చేరేసరికి ఉద్దేశం మారింది. మారుమూల గ్రామం కోసం పుట్టిన మినహాయింపు అక్కడ సాధారణ నియామక పద్ధతిగా పరిణమించింది. పూర్తి స్కేలు గల పాత ఉపాధ్యాయ శ్రేణిలో కొత్త నియామకాలు ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1990ల చివరి నుంచి విస్తరించిన విద్యా వాలంటీర్ల వ్యవస్థ ఈ నేపథ్యంలోనిదే.

ఈ మార్పు భాషలోనూ నమోదైంది. పంతులు, అయ్యవారు, ఉపాధ్యాయుడు, సారు అన్న పదాలు ప్రాంతాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారినా, అవన్నీ చదువు చెప్పే మనిషిని సూచించేవే. స్పెషల్ టీచరు, విద్యా వాలంటీరు, అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్ అన్న పేర్లు సూచించేది అతనికీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న ఒప్పందాన్ని. తరగతి గదిలో చేసే పనిలో భేదం లేదు. పిల్లలు అందరినీ ‘సార్’ అనే పిలుస్తారు. భేదం హాజరుపట్టీలో, జీతాల బిల్లులో ఉంటుంది. ‘జీతము’ అన్న మాట ‘జీవితము’ అన్న సంస్కృతపదానికి తద్భవం. బతుకుకు ఆధారమైనది జీతం. వాలంటీరుకు ఇచ్చే మొత్తానికి ‘గౌరవవేతనం’ అని పేరు పెట్టడంతో, అది బతుకుతెరువుకు సరిపోవాలన్న బాధ్యత నుంచి యజమాని తప్పుకున్నాడు.

చట్టం పెట్టిన గడువు

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి చట్టం 1993లో వచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్ కనీస అర్హతను తప్పనిసరి చేసింది. అదే సెక్షన్, అర్హులు చాలని రాష్ట్రాలకు ఐదేళ్లకు మించకుండా సడలింపు ఇచ్చే అధికారాన్ని కేంద్రానికి కల్పించింది. ఆ గడువు చాలలేదు. 2017 నాటి సవరణ శిక్షణ లేని ఉపాధ్యాయులకు 2019 మార్చి 31 వరకు వ్యవధి ఇచ్చింది. సడలింపుకు గడువు విధించడం, ఆ లోగా ఉద్యోగంలో ఉన్నవారికే దూరవిద్య ద్వారా శిక్షణ ఇప్పించడం ఈ చట్టంలోని మంచి అంశాలు. అయితే గడువును పొడిగించవలసి రావడం, తాత్కాలికమన్నది ఎంత సులభంగా అలవాటుగా మారుతుందో తెలుపుతుంది.

2018 జూన్ 28 నాటి నోటిఫికేషన్ మరొక రకమైన సడలింపు. బి.ఎడ్. చదివినవారు కూడా ప్రాథమిక తరగతులకు అర్హులేననీ, నియామకం తరువాత రెండేళ్లలోగా ఆరు నెలల బ్రిడ్జి కోర్సు పూర్తిచేయాలనీ అది పేర్కొంది. పై చూపుకు ఇది అర్హతను పెంచినట్లు కనిపిస్తుంది. కాని బి.ఎడ్. శిక్షణ పై తరగతుల బోధన కోసం ఉద్దేశించినది. అక్షరాలు దిద్దించే దశలోని పిల్లలకు బోధించే నేర్పు వేరు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఈ నోటిఫికేషన్‌ను కొట్టివేసింది. విద్యాహక్కు అంటే నాణ్యత గల విద్యకు హక్కు అని ఆ తీర్పు భావం. 2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ 6,100 పోస్టులకు డీఎస్సీ ప్రకటించి సెకండరీ గ్రేడ్ టీచరు పోస్టులకు బి.ఎడ్. వారిని కూడా అనుమతించినప్పుడు, రాష్ట్ర హైకోర్టు ఈ తీర్పు వెలుగులోనే దానిని నిలిపివేసింది.

ఈ ఘట్టంలో కొరత ఎక్కడుంది? 2025లో 16,347 పోస్టులకు వెలువడిన డీఎస్సీకి మూడు లక్షలకు పైగా అభ్యర్థులు దరఖాస్తు చేసుకున్నారు. తెలుగునాట ఉపాధ్యాయ విద్య పూర్తిచేసినవారు తక్కువగా లేరు. లోటు ఉన్నది నియామకాల క్రమబద్ధతలో. నోటిఫికేషన్ల మధ్య ఏళ్లు గడచినప్పుడు ఖాళీలు పేరుకుంటాయి, నిరుద్యోగులూ పేరుకుంటారు. ఆ రెండింటి మధ్య వాలంటీరు కుదురుకుంటాడు.

సడలింపులన్నీ ఒకటేనా?

అర్హత విషయంలో ఏ మార్పూ కూడదన్న నిర్ణయానికి ఈ చరిత్ర దారితీయదు. ఏజెన్సీ ప్రాంతాల అనుభవం ఇందుకు సాక్ష్యం. మైదానం నుంచి నియమితులైన ఉపాధ్యాయులు గైర్హాజరు కావడం కారణంగా చూపి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000లో జి.ఓ. 3 జారీ చేసి, షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నిటినీ స్థానిక గిరిజనులకు కేటాయించింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని సుప్రీంకోర్టు 2020లో ఆ ఉత్తర్వును రద్దు చేసింది. న్యాయపరమైన ఆ చర్చ ఎలా ఉన్నా, ఊరిలో నిలిచే ఉపాధ్యాయుడు కావాలన్న అవసరం మాత్రం నిజమైనది. పిల్లల ఇంటి భాష తెలిసి ఉండటం కూడా ఒక అర్హతే. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకొని ఆ భాషలో వాచకాలు రాయడం వెనుక ఉన్న ఎరుక ఇదే. పట్టా లేకున్నా పిల్లల భాష తెలిసినవారిని తీసుకొని శిక్షణ ఇవ్వడం వేరు. పట్టా ఉన్నవారు బయట నిరీక్షిస్తుండగా తక్కువ వేతనానికి మనిషిని కుదుర్చుకోవడం వేరు. మొదటిది ఒక అర్హత స్థానంలో మరొక అర్హతను గుర్తించడం. రెండవది పొదుపు.

ముగింపు

పై ఘట్టాలను కలిపి చూసినప్పుడు మూడు అంశాలు స్పష్టమవుతాయి. మొదటిది, అర్హత, జీతం విడదీయరానివి. 1826లో మన్రో గుర్తించిన ఈ సంబంధాన్ని తరువాతి విధానాలు తరచుగా విస్మరించాయి. రెండవది, సడలింపు ఫలితం దాని వెంట వచ్చే శిక్షణ మీద, గడువు మీద ఆధారపడింది. శిక్షణతో కూడిన శిక్షాకర్మీ నమూనాకూ, పేరు మాత్రం మిగిలిన దాని అనుకరణలకూ గల తేడా ఇదే. మూడవది, సడలింపు భారం పిల్లలందరి మీద సమానంగా పడలేదు. వాలంటీరుతో నడిచిన బడులు ఎక్కువగా పల్లెలవి, గూడేలవి, ఏకోపాధ్యాయ పాఠశాలలు. తల్లిదండ్రులు రుసుము చెల్లించి మరొక బడికి పంపలేని పిల్లలకే ఈ ఏర్పాటు దక్కింది. అందువల్ల ఉపాధ్యాయుల కొరత గురించిన ప్రతి ప్రకటనలోనూ ఆ పదవికి ఇవ్వజూపిన జీతం ఎంత, నియామకం జరిగి ఎన్నేళ్లయింది అన్న రెండు ప్రశ్నలు ముందుగా అడగవలసి ఉంటుంది. వాటికి సమాధానం లభించిన తరువాతనే అర్హతను తగ్గించాలా వద్దా అన్న చర్చకు అర్థం ఏర్పడుతుంది.