మందుగుండు

తర్లుపాడు చుట్టుపక్కల పొలాల్లో పగటిపూట ‘మందు కొడుతున్నాడు’ అంటే పురుగుమందే. పొద్దుగూకితే అర్థం మారొచ్చు! అదే మందు పక్కన గుండు చేరిందా, ఇక తుపాకి సంగతే.

నాటు తుపాకి నింపే వరస ఈ మాటలోనే ఉంది. గొట్టంలో ముందు మందు పోసి, పైన గుడ్డపీచు కూరి, ఊచతో దట్టించి, ఆ తర్వాతే గుండు వేసేవారు. రెండూ ఒకే తొడుగులో ఇమిడిన తూటా వెనకొచ్చింది.

పేలేదానికి మందు పేరేమిటి? చైనావాళ్లూ దాన్ని ‘అగ్ని ఔషధం’ అనే అన్నారు. గంధకం, సురేకారం వాళ్ల వైద్యంలో వాడినవే. మరాఠీలో ‘దారూ’ అంటే సారా, తుపాకి మందు కూడా. పారశీకంలో ఆ మాటకు ఔషధమని అర్థం. మరాఠీవాళ్ల ‘దారూగోళా’ అచ్చం మన మందుగుండే. అమెరికాలో జింకల వేటకు తూటాలు సొంతంగా నింపుకునేవారు మందును నేటికీ ‘గ్రెయిన్’లలో తూస్తారు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. ఒకప్పటి ఇంగ్లీషు మందుల షాపుల తూకమూ అదే.

ఇటు నల్లమలలో దుప్పిని, కణితిని వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మందుగుండు సామగ్రి అంటే ఇప్పుడు ఊళ్లో దీపావళి సరుకే.