మోటుపల్లి అభయం

బళ్ళారి గాంధీనగర్‌లో కూర్చుని సముద్ర న్యాయం గురించి రాయడమేమిటని పాఠకులు అడగవచ్చు. మా ఊరికి ఏ వైపునా కడలి లేదు. అయినా దగ్గర్లోని హంపీలో రాయల సైన్యానికి మేలుజాతి గుర్రాలు ఓడలమీదే దిగేవి. రేవుల్లోని కట్టుబాట్లు మనకెన్నడూ దూరం కావు.

అంతర్జాతీయ సముద్ర న్యాయచరిత్రను చాలామంది 1609లో డచ్చి పండితుడు గ్రోషియస్ ప్రకటించిన ‘స్వేచ్ఛా సముద్రం’తో మొదలుపెడతారు. సముద్రం ఎవరి సొత్తన్నది ఆయన ప్రశ్న. అంతకంటే పాత ప్రశ్న మరొకటుంది: ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు ఎవరిది?

దీనికి జవాబు నేటి బాపట్ల జిల్లా మోటుపల్లిలో రాతిస్తంభం మీద ఉంది. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244-45లో వేయించిన అభయశాసనం అది. తుపాను తాకిడికి తీరం చేరిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు పూర్వరాజులు బలవంతంగా లాక్కునేవారట. ప్రాణంకంటే ధనం మిన్న అని సాహసించి వచ్చే వర్తకులకు, నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా వదిలేస్తున్నానని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పయ్యో వంతు.

ఇందులో దయా ఉంది, లాభమూ ఉంది. రేవు నిండితేనే కదా బొక్కసం నిండేది! కానీ నాకు ముఖ్యమనిపించేది వేరు. దయ రాజు మనసునుబట్టి మారుతుంది. రాతిమీద చెక్కిన సుంకాన్ని సుంకరి తన ఇష్టానికి పెంచలేడు.

ఆ కాలంలోనే ఇంగ్లండులో 1275 నాటి చట్టం, పగిలిన ఓడ నుంచి మనిషో కుక్కో పిల్లో ప్రాణంతో బయటపడితే దాన్ని దిక్కులేని సొత్తుగా ఎంచరాదంది. ఏడాదిమీద ఒక రోజులోగా సొంతదారు వచ్చి రుజువు చేయకుంటే సరుకు రాజుదే.

మోటుపల్లి మాట ఒక్క రాజుతో పోలేదు. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే రేవులో మరో శాసనం వేయించాడు. వచ్చి కాపురముండే వర్తకులకు భూములిస్తామనీ, వెళ్తామంటే అడ్డగించమనీ అన్నాడు. తరువాత ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు, తుపానువల్లో జబ్బువల్లో తీరం చేరిన పరదేశి నావికులను వారి వారి జాతులకు తగినట్లు ఆదరించమని రాజుకు నీతి చెప్పాడు.

1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర ఒడంబడికను భారతదేశం 1995లో ఆమోదించింది. సముద్రంలో ఆపదపాలైన వారెవరైనా సరే, ఓడ నాయకుడు తన ఓడకు పెద్ద ముప్పు లేనంతవరకు ఆదుకునేలా ప్రతి దేశమూ చూడాలని అందులో ఉంది. మోటుపల్లి నుంచి దానికి నేరుగా దారి ఉందని నేననను. అవసరం మాత్రం ఒకటే. పొరుగు భాషల నడుమ బతికే మనకు ఇది చెప్పనక్కర్లేదు: పరాయివాడికి ఆదరణ ఒక్కటే చాలదు, రాసి ఇచ్చిన హామీ కూడా కావాలి.