సంపాదన – సంతుష్టి : షోలాపురపు మనవారి లెక్క

ఉగాదినాడు పంచాంగ శ్రవణమునకు కూర్చున్నప్పుడు మనలో ప్రతివారును ముందుగా చెవియొగ్గునది ఆదాయ వ్యయముల లెక్కకే. ఆదాయము రెండు, వ్యయము పదునాలుగు అని పురోహితుడు చదువగానే పక్కవారు నవ్వుదురు, మనము నిట్టూర్చుదుము. రాజపూజ్యమునకును అవమానమునకును కూడ అంకెలున్నవి. కాని ఎంత పాటుపడిన ఆ ఆదాయము వచ్చునో, వచ్చినదానితో మనసు ఏ మాత్రము నిండునో తెలుపు అంకె పంచాంగమున లేదు. షోలాపురమందలి మన తెలుగు కుటుంబములు ఆ అంకెను సుమారు ఒకటిన్నర శతాబ్దముగా తమ ఇండ్లలో తామే వేసికొనుచున్నవి. దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని మా తలంపు.

షోలాపురమున స్థిరపడిన మనవారిలో పద్మశాలీలు అధికము. వీరి పూర్వులు నిజాము రాజ్యమందలి తెలంగాణపు పల్లెలనుండి మగ్గమునే నమ్ముకొని వచ్చినవారు. బండ్లమీదను కాలినడకను ముందే వచ్చినవారు కొందరు లేకపోలేదు. అయినను పెద్ద వలసకు దారి వేసినది రైలు. బొంబాయి రైలు 1860లో షోలాపురము చేరెను. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు నిజాము రైలుమార్గము తెరవబడెను. 1876–78 మధ్య దక్కనులో ఘోరమైన కరవు వచ్చెను. ఆ కరవు నడుమనే, 1877లో, షోలాపురమున మొదటి బట్టలమిల్లు వెలసెను. సీమబట్టల పోటీకి పల్లె మగ్గములు అప్పటికే నీరసించియుండెను. కరవు వెనుకనుండి తరిమెను, మిల్లు ముందునుండి పిలిచెను, నడుమ రైలు ఉండనే ఉండెను.

మిల్లులో కూలి నిశ్చయము. నెల తిరుగగానే చేతిలో రూకలు పడును, కిరాణా కొట్టువాడు నమ్మి అరువిచ్చును. దానికి చెల్లించిన వెల గంటలు. 1911 నాటి ఫ్యాక్టరీ చట్టము బట్టలమిల్లులలో మగవారి పనిని దినమునకు 12 గంటలకు కట్టడి చేసినదనిన, అంతకు ముందటి స్థితి ఊహించుకొనవచ్చును. 1922లో వారమునకు 60 గంటలు, 1934లో 54, స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1948లో 48 గంటలు అయినవి. మిల్లు భోంగా కూసినచో అన్నము ముద్ద విడిచి పరుగెత్తవలసినదే.

అందువలన మనవారిలో అనేకులు మిల్లు కూలికంటె చేతిమగ్గమే మేలనుకొనిరి. మా తాతలు ఒకరి క్రింద పనిచేసినవారు కారని మనము గర్వముగా చెప్పుకొందుము. ఈ మాటలో సగమే నిజమని మేము చెప్పక తప్పదు. మిల్లు నూలుతో మహారాష్ట్ర స్త్రీలు కట్టు చీరలు నేసిన మగ్గములలో హెచ్చుభాగము కార్ఖానాలలోనివి. నేతగాడు భార్యాబిడ్డలతో ఆ కార్ఖానాలోనే కాపురముండుటయు కద్దు. పెండ్లికో, పురిటికో యజమానివద్ద ముందుగా కొంత సొమ్ము తీసికొనును. దానిని బాకీ అనిరి. బాకీ తీరనిదే మరియొక కార్ఖానాకు పోవుట కష్టము. యజమాని కూడ మన కులమువాడే, పండుగకు పక్కన కూర్చుండి భుజించువాడే. మామా అని పిలిచినను బాకీ పుస్తకములో వావి వరుసలు లేవు. ఇంతమాత్రమున ఆ బ్రతుకులో సుఖము లేదనరాదు. నాడె ఆడించుచు పాడుకొనుటకు, ఇంటి పసిపాప ఏడ్చినచో లేచి ఎత్తుకొనుటకు అక్కడ వీలుండెను. మిల్లులో అది ఎక్కడిది?

ఇక బీడీ మాట. మనవారి తృప్తిని పొగడు వ్యాసములలో ఇది సాధారణముగా కానరాదు. పురుషుడు మగ్గముమీద కూర్చుండగా, స్త్రీ గడపలో చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టెను. ఆకును తడిపి, తడిగుడ్డలో చుట్టి మెత్తబరచి, రేకు కొలతపెట్టి కత్తెరతో కోసి, పొగాకు నింపి, చుట్టి, కొన మడిచి, దారము కట్టవలెను. ఇది ఒక్క బీడీ. కూలి వేయింటికి లెక్క. బాగులేవని తీసివేసినవి లెక్కలోనికి రావు, వాటికి పట్టిన పొద్దు మాత్రము పోయినట్లే. ఆకు చాలకపోయినచో లోటు ఆమెదే. మేమెరిగిన ఇండ్లలో మగ్గపు సొమ్ము అద్దెకును బాకీకిని పోవును, ఉప్పుకు, నూనెకు, పిల్లల బడి జీతమునకు బీడీ సొమ్మే దిక్కు. నూలు ధర పెరిగి మగ్గము ఆగినను చాట ఆగలేదు. మగనికి పాడుకొనుటకు తీరిక చిక్కినదనిన, ఆ తీరికకు వెల చెల్లించినవి ఆమె వ్రేళ్ళు. పొగాకు దుమ్ముకు దగ్గు, వంగి కూర్చున్నందుకు నడుము నొప్పి వేరుగా ఉండనే ఉన్నవి.

బీడీ పనివారి చట్టము 1966లోను, వారి సంక్షేమనిధి చట్టము 1976లోను వచ్చినవి. అంతకు ముందు, ఇంటిలో కూర్చుండి చుట్టు ఆడుదానిని పనివారిలో లెక్కించుటకే ఎవరికిని మనసు రాలేదు. చట్టములు ఊరకనే అమలునకు రాలేదు. షోలాపురపు పూర్వభాగమున బీడీ స్త్రీలు సంఘములు కట్టి, ఊరేగింపులు తీసి, భవిష్యనిధి అడిగి తీసికొనిరి.

చేతిమగ్గములు తగ్గి మరమగ్గములు వచ్చినవి, చీరలు తగ్గి దుప్పట్లు, తువాళ్ళు హెచ్చినవి. షోలాపురపు చద్దరు భౌగోళిక గుర్తింపు పొంది దేశమంతట పేరు తెచ్చుకొన్నది. పాత మిల్లులు మూతపడినవి. ఇవన్నియు మీరెరిగినవే.

మనవారికి సంతోషదినము ఏదనిన, నారియళ్ పున్నమ నాటి మార్కండేయస్వామి రథోత్సవము. ఆనాడు పూర్వభాగమంతయు వీధిలోనే ఉండును. అది ఒక్కదినపు సంతోషము. ఏడాది పొడుగున మనసులో నిలుచు కోరిక మాత్రము వేరు, అది సొంత ఇల్లు. అద్దె ఇంటిలో, ఒక్క గదిలో, వంట, పడక, చాట అన్నియు ఇమిడ్చి బ్రతికినవారికే దాని విలువ తెలియును. మన పద్మశాలీయుడైన ఆడం నర్సయ్య నాయకత్వమున బీడీ స్త్రీలు ఏండ్ల తరబడి పోరాడగా, నగరమునకు చేరువనున్న కుంభారి వద్ద పదివేల ఇండ్ల కాలనీ లేచెను. 2006లో నాటి ప్రధాని మన్మోహన్ సింగు చేతులమీదుగా ఇండ్లు అందినవి. కాలనీకి ఆదివాసీల కొరకు పనిచేసిన గోదూతాయి పరుళేకర్ పేరు పెట్టిరి. వ్యయమును కేంద్రము, రాష్ట్రము, ఆ స్త్రీలు పంచుకొనిరి. స్త్రీల వంతు సొమ్ము ఎట్లు కూడినదో వేయింటి లెక్క ఎరిగినవారు గ్రహింపగలరు. అటుపిమ్మట రేనగరమున ముప్పదివేల ఇండ్లు తలపెట్టగా, వానిలో 15,000 ఇండ్లు 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ సమక్షమున ఇచ్చిరి. వాటిలో బీడీవారు, మరమగ్గమువారు, చెత్త ఏరుకొనువారు, వీధి వర్తకులు ఇరుగు పొరుగుగా ఉన్నారు.

మన పిల్లలు నేడు పూణెలోను హైదరాబాదులోను కంప్యూటరు కొలువులలో ఉన్నారు. జీతము చాలదని, పని హెచ్చని, మనసు నిలువదని ఫోనులో చెప్పుచుందురు. వారి మాట మేము కాదనము, వారి పాటు వారిది. ఉగాదికి వచ్చినప్పుడు పచ్చడి తినుచు నాయనమ్మ పక్కన కూర్చుండి, దినమునకు ఎన్ని చుట్టెడిదానవని ఒక్కమారు అడుగుడు. ఆమె తడుముకొనకుండ అంకె చెప్పును. ఆ సొమ్ముతో ఏ నెల ఏమి కొన్నదో కూడ చెప్పును.