ఓల్డ్ బెయిలీ ఆన్‌లైన్

లండన్‌లోని ప్రధాన క్రిమినల్ కోర్టు ఓల్డ్ బెయిలీలో 1674 నుంచి 1913 వరకు జరిగిన విచారణల అచ్చు నివేదికలకు ఇది డిజిటల్ భాండాగారం. 2003లో మొదలైంది. దాదాపు 1,97,000 విచారణలను పేరు, నేరం, శిక్షలను బట్టి ఉచితంగా వెతకవచ్చు. చరిత్ర గ్రంథాలకెక్కని పనిమనుషులు, జేబుదొంగలు, చిల్లర వర్తకులు ఇందులో సాక్షులుగానో ముద్దాయిలుగానో కనిపిస్తారు. దొంగతనం కేసు చదువుతుంటే ఒకే గదిని ఎవరెవరు పంచుకున్నారో, పోయిన చొక్కా ఖరీదెంతో కూడా తెలుస్తుంది; చరిత్రకారుడికి నేరం కన్నా ఈ వివరాలే విలువైనవి. అయితే ఈ నివేదికలను పూర్తి వాఙ్మూలాలుగా తీసుకోకూడదు. మొదట్లో ఇవి అమ్మకానికి వేసిన చిన్న పుస్తకాలు; ముద్దాయి వాదనను తరచు కుదించేవారు. శిక్షపడి ఆస్ట్రేలియాకు చేరినవారిలో చాలామంది తర్వాతి జీవితం డిజిటల్ పానాప్టికాన్ అనే మరో సేకరణలో దొరుకుతుంది.