ఫార్మాట్ కొట్టుడు తర్వాత, ముందుగాల లెక్క రాసుడు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ కంపెనీ చేసే సేవ 2025 అక్టోబర్ 14తోని ఒడిసిపోయింది. 2015 జులైల వచ్చిన సాఫ్ట్‌వేర్ అది, పదేండ్లు నడిచింది. ఇప్పుడు ఏ ఆఫీసుకు పోయినా ఒక్కటే ముచ్చట. వకీలు సాబ్ కాడ, ఆడిటర్ కాడ, ప్రైవేటు బడిల, డీటీపీ దుకాణంల, సంఘం ఆఫీసుల "పాతది పనికిరాదంట, పదకొండు ఎక్కియ్యాలెనంట" అనుకుంటున్నరు. రిపేరు పిలగాడు పెన్‌డ్రైవ్ జేబుల ఏసుకొని వస్తున్నడు, రెండు గంటలల్ల ఫార్మాట్ కొట్టి పైసలు తీస్కొని పోతున్నడు. అసలు కథ ఆయన పోయినంక మొదలైతాంది.

నేను చూసిన ఒక చిన్న ఆఫీసుల గిట్లనే అయ్యింది. బీడీలు చేసే ఆడోళ్ల పీఎఫ్ పేర్లు సరిజేయించే కాయితాలు ఆరేండ్లసంది స్కాన్ చేసి పెట్టుకున్నరు. ఆధార్‌ల ఒక పేరు, పీఎఫ్ చిట్టీల ఇంకో పేరు ఉంటది. అది కలువకుంటె పైసలు రావు. ఆ కాయితాలన్ని డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌ల ఉండె. "డీ డ్రైవ్‌ల ఉన్నయి ఏం గావు" అని చెప్పి సీ డ్రైవ్ తుడిసిండు పిలగాడు. డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవ్‌లనే అన్న సంగతి అక్కడ ఎవ్వలకు తెల్వదు. మళ్ల ఒక్కొక్క అవ్వను పిలిపిచ్చి, ఉన్నోళ్లయి జిరాక్సులు తీసి, సచ్చిపోయినోళ్ల ఇండ్లకు తిరిగి జమ చేస్తున్నరు. అందుకే గీ పని గురించి జర నిమ్మళంగ రాద్దామనుకున్న. నేను కంప్యూటర్ కోర్సు చదివినోన్ని కాదు, సంఘం పనులల్ల పడి నేర్చుకున్న. నాకు సమజైన తీరులనే చెప్త.

ముందుగాల ఒక భయం తీసేస్త. అక్టోబర్ 14 దాటితె కంప్యూటర్ ఆగిపోదు. ఎప్పటిలెక్కనే ఆన్ అయితది, ప్రింట్ ఇస్తది. ఆగిపోయింది భద్రత అప్‌డేట్లు. సాఫ్ట్‌వేర్‌ల కొత్త బొక్క బయటపడితె ఇగ దాన్ని పూడ్సేటోడు లేడు. దీని అర్థమేందో 2017 మేల దునియా మొత్తం చూసింది. వానాక్రై అనే వైరస్ ఫైళ్లకు తాళమేసి 300 డాలర్లు ఇస్తెనే తీస్తనన్నది. ఇంగ్లండ్ దవాఖానలు బందైనయి. ఆంధ్రప్రదేశ్‌ల కూడ కొన్ని జిల్లాల పోలీస్ కంప్యూటర్లకు తగిలింది. ఆ బొక్కకు మందు రెండు నెలల ముందే, మార్చిలనే వచ్చింది. ఎక్కించుకోనోళ్లే మునిగిండ్రు. ఇప్పుడు విండోస్ 10 సంగతి దానికంటె అధ్వానం, ఎందుకంటె మందే రాదు. కాబట్టి మారుడైతె తప్పది. ఆగమాగం మారుడు తప్పు.

మొదటి పని కంప్యూటర్ మీద కాదు, నోటుబుక్కు మీద. ఆఫీసుల ఎన్ని డబ్బలున్నయో ఒక్కోదానికి ఒక పేజీ పెట్టుండ్రి. సెట్టింగ్స్‌ల సిస్టమ్, అండ్ల అబౌట్ అని ఒత్తితె ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంత, 32 బిట్‌దా 64 బిట్‌దా అన్ని కనవడుతయి. అవి రాసుకోవాలె. ఇంటెల్ ఐ3, ఐ5 అని ఉంటె ఆ పక్కన గీత తర్వాత వచ్చే అంకె చూడుండ్రి. 7400 అని ఉంటె ఏడో తరం, 8100 అంటె ఎనిమిదో తరం, 10400 అంటె పదో తరం. విండోస్ 11కు ఇంటెల్‌ల దాదాపు ఎనిమిదో తరం నుంచే పర్మిషన్. పెంటియం, సెలెరాన్‌లకు ఈ లెక్క నడువది. వాటికి మైక్రోసాఫ్ట్ ఉట్టిగనే ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాం ఎక్కించి అడుగుడే. అది పాసా ఫెయిలా చెప్తది, ఎందుకు ఫెయిలో కూడ చెప్తది.

ఆ ఎందుకు అన్నకాడ ఆగాలె. "టీపీఎం 2.0 లేదు" అని వస్తె పానం పోయినట్టు కొత్త కంప్యూటర్ కొననీకి ఉరుకుతున్నరు. టీపీఎం అంటె తాళంచెవులు దాసిపెట్టే చిన్న చిప్పు. ఈ ఏడెనిమిదేండ్లల్ల వచ్చిన చాన మిషన్లల్ల అది ఉంటది, కాని బయోస్‌ల బందు పెట్టి ఉంటది. ఇంటెల్ బోర్డుల పీటీటీ అని, ఏఎండీ బోర్డుల ఎఫ్‌టీపీఎం అని పేరు ఉంటది. అది ఆన్ చేస్తె సరిపోతది. బయోస్ పాత పద్ధతిల ఉంటె యూఈఎఫ్ఐకి మార్సాలె, డిస్కును కూడ ఎంబీఆర్ నుంచి జీపీటీకి మార్సాలె. దీనికి విండోస్‌లనే సాధనం ఉన్నది, ఫార్మాట్ అక్కర లేదు. కాకపోతె తెలిసినోడు చెయ్యాలె, బ్యాకప్ తీసినంకనే చెయ్యాలె. ర్యామ్ 4 జీబీ ఉంటె సాలంటది కంపెనీ. నా మాట నమ్ముండ్రి, సాలదు. 8 జీబీ చేసి, పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెడితెనే మనిషి కూసొని పని చెయ్యగలుగుతడు.

ఇంకొక మెలిక ఉన్నది. విండోస్ 11ల 32 బిట్ రకమే లేదు. 4 జీబీ మిషన్లల్ల అప్పట్ల 32 బిట్ విండోస్ ఎక్కిచ్చిండ్రు చానమంది. అసొంటి కాడ ఉన్నదాని మీద ఎక్కిచ్చుడు కుదరది, సాఫ్‌గ తుడిసే ఎక్కియ్యాలె. మీ డబ్బ అసొంటిదైతె లోపటి సామాను మొత్తం బయటికి తీసుడు తప్పది.

ఇగ సామాను ఎక్కడ ఉంటదో చెప్త. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ ఈ నాలుగు సీ డ్రైవ్‌ల యూజర్ పేరు కింద ఉంటయి. వాట్సాప్‌ల వచ్చి దింపుకున్న కాయితాలు డౌన్‌లోడ్స్‌ల పడి ఉంటయి, ఎవ్వలు చూసుకోరు. ట్యాలీ లెక్కలు వేరే ఫోల్డర్‌ల ఉంటయి, ట్యాలీ తెరిచి డేటా ఏ జాగల ఉన్నదో చూసి రాసుకోవాలె. అవుట్‌లుక్‌ల మెయిల్ చూసేటోళ్లకు పీఎస్టీ ఫైల్ ఉంటది. బ్రౌజర్‌ల దాసిన పాస్‌వర్డులు ఫార్మాట్‌తోని పోతయి. సర్కారు పోర్టల్ పాస్‌వర్డ్ ఎవ్వలకు యాదికుండది, బ్రౌజరే యాదికి పెట్టుకుంటది. స్కానర్ దాని సొంత ఫోల్డర్‌ల ఏసుకుంటది. ఇవన్ని రెండు జాగలల్లకు కాపీ చెయ్యాలె. ఒకటి బయటి హార్డ్‌డిస్క్, ఇంకొకటి వేరే కంప్యూటరో, ఆన్‌లైన్ ఖాతానో. కాపీ అయినంక పది ఫైళ్లు వేరే మిషన్‌ల తెరిచి చూడాలె. తెరువకుండ "బ్యాకప్ తీసినం" అనుడు ఉట్టి మాట.

మన తెలుగోళ్లకు దీనికంటె పెద్ద చిక్కు ఫాంట్ల కాడ ఉన్నది. కరపత్రం, పెండ్లిపత్రిక, పార్టీ పోస్టర్, బడి ప్రశ్నపత్రం ఏండ్లకేండ్లు అను ఫాంట్లల్లనే కొట్టిండ్రు, పేజ్‌మేకర్‌ల పెట్టిండ్రు. ఈ అను ఫాంట్ల తీరు యూనికోడ్ కాదు. లోపల ఇంగ్లీషు అక్షరాల జాగలల్ల తెలుగు బొమ్మలు పెట్టినట్టు ఉంటది. ఆ ఫాంటు లేని మిషన్‌ల ఫైలు తెరిస్తె పిచ్చి గీతలే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001ల. అడోబ్ దాన్ని ఎప్పుడో ఇడిసిపెట్టింది. కొత్త విండోస్ మీద కొన్నికాడ నడుస్తది, కొన్నికాడ సేవ్ చేసేటప్పుడు కొట్టుకుంటది. గ్యారంటీ ఇచ్చేటోడు ఎవ్వడు లేడు. అందుకని డీటీపీ చేసేటోళ్లు, సంఘాల ప్రచురణలు చూసేటోళ్లు మూడు పనులు చెయ్యాలె. ముఖ్యమైన ప్రతి ఫైలుకు పీడీఎఫ్ తీసి పెట్టాలె, అచ్చు రూపమన్న మిగులుతది. వచనం మొత్తం కన్వర్టర్‌తోని యూనికోడ్‌కు మార్చి ఇంకో ప్రతి పెట్టాలె, ఎందుకంటె అను ఫాంట్‌ల పీడీఎఫ్‌ల తెలుగు మాట పెట్టి వెతికితె దొరకది. కన్వర్టర్ ఒత్తులల్ల, అంకెలల్ల తప్పులు ఇడుస్తది, ఒకసారి మనిషి చదవాలె. మూడోది, అను సాఫ్ట్‌వేర్ సీడీ, దాని లైసెన్స్ కాయితం ఎక్కడున్నయో ఇప్పుడే దేవులాడుండ్రి.

యూనికోడ్‌ల కొట్టేటోళ్లకు గూడ ఒక చిన్న సంగతి. గౌతమి ఫాంట్‌ల దస్తావేజులు తయారు చేసేటోళ్లు మస్తుమంది. కొత్తగ ఎక్కించిన విండోస్‌ల గౌతమి ఉండది, దాని బదులు నిర్మల కనవడుతది. అక్షరాల ఎడల్పు మారి రెండు పేజీల కాయితం మూడు పేజీలైతది, సంతకం జాగ ఎక్కడికో పోతది. ఆప్షనల్ ఫీచర్స్‌ల తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఉంటది, అది దింపుకుంటె గౌతమి వస్తది. నెట్ ఉన్నప్పుడే దింపుకోవాలె.

తర్వాత ఆ డబ్బకు తగిలిచ్చిన సామాను: ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మిషన్, డిజిటల్ సంతకం టోకెన్. ఒక్కోదాని మోడల్ నంబర్ రాసి, కంపెనీ సైట్‌ల విండోస్ 11 డ్రైవర్ ఉన్నదో లేదో ముందే చూడాలె. పాత లేజర్ ప్రింటర్లకు దొరుకుతది ఎక్కువకాడ, పాత స్కానర్ల కాడనే తంటా. డిజిటల్ సంతకం టోకెన్ పాస్‌వర్డ్ తెల్వకుండ మిషన్ మీద చెయ్యి పెట్టొద్దు. మల్లమల్ల తప్పు కొడితె టోకెన్ లాక్ అయితది.

ఇప్పుడు చెప్పేది అన్నిటికంటె ముఖ్యం, ఎవ్వలు చెప్పరు కూడ. విండోస్ 11 ఎక్కిచ్చేటప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతది. పని జప్పున కావాలని రిపేరు పిలగాడు ఆయన మెయిల్ ఏస్తడు. కొత్త రకాలల్ల ఆ అకౌంట్ పడంగనే డిస్కుకు దానంతటదే తాళం పడుతది చానకాడ. ఆ తాళంచెవి 48 అంకెలు ఉంటది. అది పోయి కూసుండేది ఆ పిలగాని అకౌంట్‌ల. రేపు బోర్డు ఖరాబైతె, బయోస్ మార్తె, మిషన్ ఆ 48 అంకెలు అడుగుతది. అప్పటికి ఆయన హైదరాబాద్‌కో దుబాయికో పోయి ఉంటడు. మన ఆఫీసు, మన కాయితాలు, చెవి ఇంకొకని జేబుల. కాబట్టి ఆఫీసు పేరు మీద ఒక మెయిల్ తెరువాలె. దాని పాస్‌వర్డ్, రికవరీ ఫోన్ నంబర్ కమిటీ రిజిస్టర్‌ల రాయాలె. పని కాంగనే ఆ 48 అంకెలు ప్రింట్ తీసి బీరువాల పెట్టాలె. ఉద్యోగం ఇడిసిపోయే ఆపరేటర్ సొంత మెయిల్ కూడ ఏయొద్దు. ఆమె మంచిదే కావొచ్చు, ఆఫీసు సొమ్ము ఆమె మీద మోపుడు ఆమెకే బరువు.

ఏ దినం చెయ్యాలె అంటె, జీఎస్టీ రిటర్న్ వేసే 20వ తారీకు ముంగట కాదు, జీతాల దినం కాదు, పరీక్షల కాలం కాదు. ముందుగాల తక్కువ పని ఉండే ఒక్క మిషన్‌కు చేసి వారం వాడి చూడుండ్రి. ఉన్నదాని మీదనే అప్‌గ్రేడ్ చేస్తె పది దినాల లోపల ఎనుకకు, విండోస్ 10కు పోయే దారి ఉంటది. పది దినాలు దాటితె ఆ దారి మూసుకుంటది. కరెంటు పోయే కాలంల యూపీఎస్ లేకుండ చెయ్యొద్దు.

ఎక్కని మిషన్ల సంగతి? యూట్యూబ్ చూసి టీపీఎం తనిఖీని దాటేసి ఎక్కిస్తున్నరు. ఎక్కుతది. కాని అసొంటి మిషన్లకు అప్‌డేట్లు ఇస్తమని కంపెనీ ఒప్పుకోలేదు. అప్‌డేట్ల కోసమే మారుతున్నం గద, మళ్ల అక్కడికే వచ్చినట్టు. ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 దాకా ఇంకో ఏడాది భద్రత అప్‌డేట్లు ఇస్తమని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 30 డాలర్లు కట్టొచ్చు, వాళ్ల అకౌంట్‌ల సెట్టింగ్స్ దాసుకుంటె ఉత్తగనే. ఆఫీసులకైతె మిషన్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, రెండో ఏడు దానికి రెట్టింపు, మూడో ఏడు మళ్ల రెట్టింపు. పది మిషన్ల ఆఫీసు ఇది కట్టలేదు. దొంగ విండోస్‌కు యాక్టివేటర్ కొట్టుకునేటోళ్లు ఇంకొకటి గుర్తువెట్టుకోవాలె: ఆ యాక్టివేటర్లు ఎక్కించేటప్పుడు "యాంటీవైరస్ బందు చెయ్" అంటయి. ఎందుకంటున్నయో ఆలోచించుండ్రి.

నేనైతె లినక్స్ అంట. ఉత్తరాలు కొట్టుడు, నెట్ చూసుడు, మెయిల్ పంపుడు ఇంతే పని ఉన్న మిషన్‌కు ఉబుంటునో మింటో ఎక్కిచ్చి, లిబ్రే ఆఫీస్ పెడితె ఏ పైస అక్కరలేదు, ఆరో తరం మిషన్ కూడ ఇంకా ఏండ్లు నడుస్తది. కేరళ సర్కారు బడులు ఏండ్లసంది గీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదనే నడుస్తున్నయి. తెలుగుల లినక్స్ కోసం పని చేసిన స్వేచ్ఛ సంస్థ మన హైదరాబాద్‌లనే ఉన్నది. కాని ట్యాలీ, అను, డిజిటల్ సంతకం ఉన్న మిషన్‌ను లినక్స్ మీదికి తోలొద్దు, రెండో దినమే తిట్టుకుంటరు. ఆ ఒకటి రెండింటికే ఉన్న పైసలు పెట్టి విండోస్ 11 పెట్టుండ్రి. ఒక్క ఆఫీసుల రెండు తీర్లు ఉంటె ఏం గాదు. ఫైళ్లు రెండుకాడ తెరుసుకుంటయి, వర్డ్ ఫైల్ల పేజీ సర్దుబాటు మాత్రం ఒకసారి చూసుకోవాలె.

కడకు పాత డబ్బ అమ్మేటప్పుడు పాతసామాను బండికి ఏయకుండ్రి. ఉత్త ఫార్మాట్ కొట్టిన డిస్కుల నుంచి ఆధార్లు, బ్యాంకు పాస్‌బుక్కులు మళ్ల తీసే సాఫ్ట్‌వేర్లు నెట్‌ల ఉట్టిగనే దొరుకుతయి. 2023 ఏప్రిల్‌సంది అమలైన ఈ-వేస్ట్ రూల్స్ ప్రకారం నమోదైన రీసైక్లర్లు ఉన్నరు, డబ్బ వాళ్లకియ్యాలె. హార్డ్‌డిస్క్ మాత్రం ఇప్పి, దాని మీద తారీకు, ఏ మిషన్‌దో చిట్టీ అతికిచ్చి, ఒక ఏడాది దాకా బీరువాలనే ఉంచుండ్రి. ఏడాదిల ఏదో ఒక కాయితం కోసం ఎవ్వరో ఒకరు వస్తరు.