ముచుకుంద ముగియు చోటు – మా వాడపల్లి

విదేశవాసులైన భక్తమహాశయులారా! తెలంగాణమనగానే మీలో పెక్కుమందికి హైదరాబాదు, 1591 నాటి చార్మినారు స్ఫురించును. ఆ చార్మినారు చేరువనే పారు మూసీనది ఎచ్చట ముగియునో చూడగోరినచో, దామరచర్ల మండలమందలి మా వాడపల్లికి విచ్చేయుడు.

అనంతగిరి కొండలలో పుట్టి, ముచుకుందా నామముతో పూజలందుకొని, సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి ఈ నది ఇచ్చట కృష్ణవేణిలో లీనమగును. ఆవలి గట్టు పల్నాడు. 1908 సెప్టెంబరులో నగరమును ముంచిన వరద సైతము ఈ సంగమము మీదుగానే కడలికి పోయినది.

ఇచ్చట శివకేశవులిరువురును కొలువైయున్నారు. అగస్త్యేశ్వరుని లింగముపై ఒక రంధ్రము, అందు జలము కలదు. బోయవాని బారినుండి పక్షిని కాచుటకు స్వామి తన శిరస్సునే ఇచ్చెనని పెద్దలు చెప్పుదురు. లక్ష్మీనరసింహుని గర్భాలయమున ముఖమునకు ఎదురుగా నున్న దీపము కదలును. పాదముల చెంతనున్నది నిశ్చలము. అది స్వామి ఉచ్ఛ్వాస నిశ్వాసములని మా విశ్వాసము. పరీక్షింపగోరు వారికి అర్చకులమైన మేము చెప్పునది, కొంతసేపు కూర్చుండి చూడుడనియే.

ఒక మాట దాచరాదు. మహానగరపు మురుగు మూసీలో కలియుచున్నది. ఆ నది పేరునే సంకల్పమున పలికించి స్నానము చేయించు మాకు ఇది తీరని మనస్తాపము. 2016లో ఇచ్చట కృష్ణా పుష్కరములు జరిగినవి. గురుడు కన్యారాశి ప్రవేశించునపుడు 2028లో మరల వచ్చును. అప్పటికైనను ఈ జలము తేటపడునో లేదో! మీరు మాత్రము రండు.