రేడియో పెట్టె కొనే ముందు ఈ ముచ్చట చదువుండ్రి

మన దిక్కు రేడియో కథ దక్కన్ రేడియోతోటి మొదలు. 1935ల నిజాం సర్కారు దాన్ని చేతిలకు తీసుకున్నది, 1950ల అది ఆలిండియా రేడియోల కలిసింది. ఆ రోజుల్లో ఇంట్ల సెట్టు ఉంటే పోస్టాఫీసుల లైసెన్సు ఫీజు కట్టాలె. ట్రాన్సిస్టర్ వచ్చినంకనే రేడియో పొలం గట్టు ఎక్కింది. మన వరంగల్ 103.5 ఎఫ్‌ఎం తెలువనిదెవరికి?

ఇప్పుడు ఇంటర్నెట్ రేడియో పెట్టెలొచ్చినయ్. ఫోన్ అక్కర్లేదు, వైఫై చాలు. అమెరికాల ఉన్న పిల్లలు హైదరాబాద్ కేంద్రం వినొచ్చు. ఇది కొత్తదేం కాదు. 2000లనే కెర్బాంగో అనే పెట్టెను అక్కడ చూపెట్టిండ్రు. త్రీకామ్ కంపెనీ దాన్ని కొని, 2001ల బజార్ల పెట్టకుండనే పక్కన పడేసింది.

అసలు కిటుకు ఇంకోటి. స్టేషన్ల పట్టిక పెట్టెల ఉండదు, ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి వస్తది. రెసీవా అనే సర్వర్ 2021ల ఆగిపోయింది. దాన్ని నమ్ముకున్న సెట్లు చాలా వరకు, మంచిగున్నా కూడా, పట్టిక లేక మూగబోయినయ్. లైసెన్సు కాలంల సుత ఇట్ల కాలే! గాలివానకు కరెంటు పోతే వైఫై కూడా పాయె. రెండు సెల్లులేస్తే ట్రాన్సిస్టర్ మాట్లాడుతది.

నన్నడిగితే, కొనేటప్పుడు షాపాయనను రెండే అడుగుండ్రి: ఇందుల ఎఫ్‌ఎం ఉన్నదా, స్టేషన్ అడ్రస్ మనమే ఎక్కించుకోవచ్చా?